ఇద్దరు మనుషులు, ఒక బొమ్మ, ఒక రేకు పెట్టె: ఊరూరా హాస్య ప్రదర్శన ఎలా నడపాలి

పెళ్ళిళ్ళలో, బడి వార్షికోత్సవాల్లో మీరు చేసిన మిమిక్రీకి చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు విన్నవాళ్ళలో ఒకరు మీ ఇంటికి వచ్చి, "మాస్టారూ, వచ్చే మంగళవారం మా ఊరి అమ్మవారి పండగ, ఒక గంట కార్యక్రమం చేసిపెట్టాలి" అన్నారు. మీరు సంతోషంగా సరే అన్నారు. ఆ తర్వాత ఏం చేయాలన్నదే ఇక్కడ రాస్తున్నాను. నేనూ మా బావమరిదీ కలిసి ఇరవై రెండేళ్ళుగా విజయనగరం నుంచి ఇటు ఇచ్ఛాపురం దాకా, అటు సాలూరు దాకా తిరుగుతున్నాం. మా దగ్గర ఉన్నవి ఒక మాట్లాడే బొమ్మ (మాట మనదే, పెదవి కదపకుండా దాని నోటి నుంచి వచ్చినట్టు పలికిస్తాం), ఒక పాత హార్మోనియం, రెండు మైకులు, మూడు విగ్గులు. అన్నీ ఒకే రేకు పెట్టెలో పడుకుంటాయి, హార్మోనియం తప్ప.

జోకులు ఎలా అల్లాలో నేను చెప్పను. అది మీకు వచ్చే ఉంటుంది. రాకపోతే ఒకరు చెబితే వచ్చేది కాదు. నేను చూసినంతలో మంచి జోకును చంపేవి వేరే ఉన్నాయి: కూసే మైకు, తెగిన దారం, జారే విగ్గు, వేళకు రాని బస్సు. వీటిని అదుపులో పెట్టుకున్నవాడికే తీరిగ్గా నవ్వించే అవకాశం దొరుకుతుంది.

ముందు ఇరవై నిమిషాలు

గంట అడిగారని గంట సరుకు సిద్ధం చేయకండి. ముందు గట్టి ఇరవై నిమిషాలు తయారు చేసుకోండి: శబ్దాల మిమిక్రీ ఐదు, బొమ్మ ఎనిమిది, పేరడీ పాట నాలుగు, చివర ఇద్దరి సంభాషణ మూడు. ఇది నిద్రలో లేపినా తప్పు లేకుండా చేయగలిగేలా ఉండాలి. కరెంటు పోయినా, వాన వచ్చినా, పై ఊరి నుంచి రావలసిన కోలాటం బృందం ముందే దిగిపోయినా మిమ్మల్ని కాపాడేది ఈ ఇరవై నిమిషాలే. మిగతా నలభై నిమిషాలు దీని చుట్టూ నెమ్మదిగా పెరుగుతాయి.

అంశాలు ఎప్పుడు మార్చాలో తెలియాలంటే మన పెద్దవాళ్ళ పద్ధతి చూడండి. హరికథకు పేరు తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత పాఠశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు. హరికథ చెప్పే దాసుగారు ఎవరైనా కథ మధ్యలో ఆగి ఒక పిట్టకథ చెప్పి మళ్ళీ అసలు దారిలోకి వస్తారు. బుర్రకథలో ఆ పని హాస్య వంతది, అంటే పక్కన నిలబడి నవ్వించే వంతపాటగాడిది. తోలుబొమ్మలాటలో హాస్య బొమ్మలైన కేతిగాడిది, బంగారక్కది. వీళ్ళెవరూ గడియారం చూసి రారు. ముందు వరుసలో పిల్లలు కదలడం మొదలైందంటే, ఆడవాళ్ళు పక్కవారితో మాటల్లో పడ్డారంటే, అప్పుడు వస్తారు. మీరూ అంతే: జనం కదిలాక అంశం మార్చితే ఆలస్యం, కదలబోతున్నప్పుడు మార్చాలి.

ఏం చెప్పకూడదో కూడా ముందే రాసి పెట్టుకోండి. సినిమాలవాళ్ళు శ్రీకాకుళం యాసను తేలిక హాస్యానికి వాడుకున్నారు. దాన్నే మీరు శ్రీకాకుళంలో వేదికెక్కి వెక్కిరింతగా చేస్తే ముందు వరుస నవ్వదు, వెనక వరుస ఊరుకోదు. యాసలో మాట్లాడే పాత్ర ఉండవచ్చు, కాని ఆ పాత్ర అందరికంటే తెలివైనదై ఉండాలి. ఇంకొకటి. ప్రతి హాస్యగాడి దగ్గరా డాక్టరు–రోగి జోకు ఒకటి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ళకు వెళ్ళినప్పుడు దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళండి. అక్కడ కిడ్నీ జబ్బు తాకని వీధి అరుదు. మొదటిసారి నాకు తెలియక ఆ జోకు చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దావిడ లేచి చాప మడుచుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆ దారిన వెళ్ళేటప్పుడు డాక్టరు కోటును పెట్టెలో కూడా పెట్టను.

పెట్టె

పాత రేకు ట్రంకు పెట్టె కొనండి. చక్రాల సూట్‌కేసు పల్లె రోడ్డు మీద రెండు ప్రయాణాలకే చక్రం ఊడి చేతికొస్తుంది. రేకు పెట్టె బస్సు పైకి విసిరినా సొట్టపడుతుందే తప్ప తెరుచుకోదు. అవసరమైతే దాని మీద నిలబడవచ్చు, కూర్చోవచ్చు, బొమ్మను కూర్చోబెట్టవచ్చు. మూత లోపలి వైపు పెయింటుతో లెక్క రాయండి. మా పెట్టె మూత మీద ముప్పై ఒక్క వస్తువులు వరుసగా రాసి ఉన్నాయి: బొమ్మ, బొమ్మ చొక్కా, విడి దారం, టెస్టరు, పిన్నీసులు, కొబ్బరి నూనె, ఇలా చిట్టచివరి అగ్గిపెట్టె దాకా. వెళ్ళేటప్పుడు ఒకరు చదవాలి, ఇంకొకరు చేత్తో ముట్టుకుని "ఉంది" అనాలి. తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి రెండైనా, నిద్ర ముంచుకొస్తున్నా అదే పని. మా సామాన్లలో పోయినవన్నీ తిరుగు ప్రయాణంలో లెక్క చూడని రోజుల్లో పోయినవే.

లోపల రెండు అరలు చేయించండి. వైర్లు, ఇనుప సామాను కింద. బట్టలు, విగ్గులు పైన. కలరా ఉండలు బట్టల మధ్య గుడ్డ మూటలో కట్టి ఉంచండి, ప్లాస్టిక్ వస్తువులకు తగలనివ్వకండి. కొన్ని రకాల ప్లాస్టిక్ వాటి వల్ల మెత్తబడి అంటుకుపోతుంది. మా బొమ్మ కళ్ళజోడు ఒకటి అలాగే పోయింది.

బొమ్మ

మాట్లాడే బొమ్మ కొత్తది కొనవలసిన పని లేదు. మాది, మానేసిన ఒక పాత కళాకారుడి దగ్గర తీసుకున్నది. తల కాగితపు గుజ్జు, దవడ కర్ర, ఒళ్ళు దూది. కొనేటప్పుడు మొహం అందం చూడకండి, దవడ చూడండి. వేలితో లాగితే తడబాటు లేకుండా తెరుచుకోవాలి, వదిలితే టక్కున మూసుకోవాలి. శబ్దం మాత్రం రాకూడదు. దవడ టకటకలాడితే మైకు ముందు అది చెక్కభజనలా వినిపిస్తుంది. లోపలి అంచుకు పలచని తోలు ముక్క అంటిస్తే ఆ చప్పుడు పోతుంది.

దవడను లాగే దారానికి గాలానికి కట్టే నైలాన్ తీగ వాడండి. నూలు దారం చెమటకు నాని సాగుతుంది. దవడను వెనక్కి లాగడానికి స్ప్రింగు దొరకకపోతే సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన పట్టీ పనిచేస్తుంది, కాని ఎండకు రెండు నెలల్లో పగులుతుంది. అందుకే పెట్టెలో విడి పట్టీలు నాలుగు ఉండాలి. ఒక ఊళ్లో నేను ఈ మాట నిర్లక్ష్యం చేశాను. బొమ్మ అంశం సగంలో పట్టీ తెగింది. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పక్కనుంచి మా బావమరిది నెమ్మదిగా, "బావా, నోరు పడటం లేదు" అన్నాడు. అది మైకులో వినపడింది. జనం నవ్వారు. ఇక తప్పదనుకుని బొమ్మ వైపు తిరిగి, "ఏమిట్రా అంత ఆశ్చర్యం? కరెంటు బిల్లు చూశావా?" అన్నాను. మూడు నిమిషాలు బొమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా, ఆశ్చర్యపోయిన మొహంతోనే అంశం పూర్తి చేసింది. ఆ రాత్రి వచ్చినంత నవ్వు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మళ్ళీ కావాలని తెగ్గొట్టి చూశాం కూడా, ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు అసలు కష్టం: పెదవులు. ప, ఫ, బ, భ, మ పలకాలంటే రెండు పెదవులూ కలవాలి. వ పలకడానికి కింది పెదవి పైపళ్ళ దగ్గరకు పోతుంది. ఉ, ఊ, ఒ, ఓ పలికితే పెదవులు గుండ్రమవుతాయి. బొమ్మ మాట్లాడుతున్నప్పుడు మీ పెదవులు చిరునవ్వులో ఆగినట్టు కాస్త తెరుచుకుని ఉండాలి, దవడ కదలకూడదు, పనంతా నాలుకదే. కాబట్టి ప బదులు త, బ బదులు ద, మ బదులు న వేసి, ఆ అక్షరాన్ని కొంచెం మింగి పలకాలి. ఒంటరిగా అంటే అది తప్పుగానే వినిపిస్తుంది. వేగంగా పోయే వాక్యం మధ్యలో పడితే వినేవాళ్ళ చెవే దాన్ని సరిచేసుకుంటుంది. వ కు నాలుక కొనను పైపళ్ళకు మెత్తగా తాకించండి. ఉ, ఓ లను గుండ్రం చేయకుండా నోటి లోపలి నుంచే పలకండి. రోజుకు పావుగంట, అద్దం ముందు, ఆరు నెలలు. దగ్గరి దారి లేదు.

అంతకంటే తెలివైన పని, అలాంటి అక్షరాలు రాకుండా మాటలు ఎంచుకోవడం. విజయనగరంలో ఇంటికొక పైడిరాజు ఉంటాడు కదా అని మా బొమ్మకు మొదట పైడి అని పేరు పెట్టాను. తన పేరు తానే చెప్పుకోలేని బొమ్మ అయింది. తర్వాత అసిరి అని మార్చాం. అది కూడా మన వైపు పేరే, పెదవి కదలనవసరం లేదు. వరసలు కూడా ఇలాగే చూసుకోండి. మామా, బావా, బాబాయి అనే పిలుపులు బొమ్మకు గండాలు. అన్నా, అక్కా, అత్తా, తాతా, నాన్నా హాయిగా వస్తాయి. అందుకే అసిరి నన్ను అన్నా అంటాడు, మా బావమరిదిని తాతా అంటాడు. అతను నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆ ఒక్క పిలుపుకే ప్రతి ఊళ్లో నవ్వు ఖాయం.

ఇంకో చిన్న సంగతి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అంటే మాట అయిపోయేసరికి బొమ్మ నోరు తెరిచే ఉంటుంది. దాన్ని వెంటనే మూయడం మీ వేలు నేర్చుకోవాలి. లేకపోతే మీరు మాట్లాడుతున్నంతసేపు బొమ్మ ఆవులిస్తున్నట్టు ఉంటుంది.

మైకు

మైకు సెట్ వాళ్ళు ఇచ్చే మైకు మీద ఆధారపడకండి. అది ఉదయం నుంచి అనౌన్సుమెంట్లు, భజన, పిల్లల పాటలు మోసి మీ దగ్గరకు వస్తుంది. సొంత డైనమిక్ మైకు ఒకటి ఉండాలి. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం58 లాంటిది అయితే ఒకసారి కొంటే చాలాకాలం ఉంటుంది, కింద పడినా పలుకుతుంది. దానికి నకిలీలు ఎక్కువ, నమ్మకమైన దుకాణంలోనే కొనండి. మాది జాలీ సొట్టపోయి, రంగు రాలిపోయి చూడటానికి ఎవరో పారేసినదానిలా ఉంటుంది. అందుకే ఎవరూ ఎత్తుకుపోలేదనుకుంటాను.

నెలకోసారి ఆ జాలీని మరతిప్పి తీసి, సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. లోపలి స్పాంజిని కూడా కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. మిమిక్రీ చేసేవాడి పెదవులు మైకుకు అంటుకునే ఉంటాయి. దగ్గరగా మాట్లాడితే గొంతుకు గంభీరం వస్తుంది, విలన్ గొంతుకు, హెలికాప్టరుకు అదే కావాలి. పిల్లవాడి ఏడుపుకు, పాత్రల సంభాషణకు బెత్తెడు దూరం జరగండి. జాలీని అరచేతితో పూర్తిగా మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకోవడం మొదలుపెట్టి కూస్తుంది. చేత్తో మూసి చేసే శబ్దాలు ఉంటే ముందే మైకు సెట్ అబ్బాయికి చెప్పి, ఆ సమయానికి శబ్దం కాస్త తగ్గించమనండి. ఆ అబ్బాయికి టీ ఇప్పించండి, పేరు అడిగి పేరుతో పిలవండి. ఆ గంటసేపు మీ గొంతు అతని చేతిలోనే ఉంటుంది.

వైరును చేతికీ మోచేతికీ కలిపి బిగించి చుట్టేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లోపలి తీగలు మెలితిరిగి, బయటికి బాగానే కనిపిస్తూ లోపల తెగిపోతాయి. ఒక చుట్టు ఇటు, ఒక చుట్టు అటు వేస్తూ వదులుగా చుట్టండి. విసిరితే చిక్కు పడకుండా విడిపోవాలి. పెట్టెలో పెద్ద పిన్ను, చిన్న పిన్ను మార్చుకునే అడాప్టర్లు, సోల్డరింగ్ ఐరన్, కాస్త సీసం ఉంటే సగం ఊళ్ళలో మీరే మైకు సెట్ వాళ్ళను ఆదుకుంటారు.

టెస్టర్ గురించి మాత్రం నవ్వులాట లేదు. ఊరి వేదికలకు కరెంటు ఎక్కడి నుంచో లాగుతారు, జనరేటరు వైపు మారుస్తారు, ఎర్త్ ఉందో లేదో చూసేవారు ఉండరు. మైకు జాలీకి టెస్టరు పెట్టండి. వెలిగిందంటే పెదవికి షాకు తగలబోతోందన్నమాట. ఎర్త్ సరిచేసేదాకా ముట్టుకోకండి. గుయ్ అనే శబ్దం పోవడానికి ఎర్త్ పిన్ను తీసేస్తామని ఎవరైనా అంటే వద్దనండి, గుయ్‌మనే మైకుతోనే చేయండి.

వేషాలు

మా పెద్ద కోటు పాతది, పచ్చ గళ్ళది. మోచేతుల దగ్గర వేరే రంగు ముక్కలు కుట్టి ఉంటాయి. చూసేవాళ్ళు అది వేషంలో భాగమనుకుంటారు, నిజానికి చిరుగులు. కోటు కుట్టించేటప్పుడు దర్జీతో ఒక మాట చెప్పండి: అస్తరు, అంటే లోపలి గుడ్డ, విడిగా, హుక్కులతో తగిలించేలా ఉండాలి. ఒక గంట ప్రదర్శనలో కారిన చెమటంతా అస్తరే తాగుతుంది. దాన్ని విప్పి రాత్రికి రాత్రి ఉతికి ఆరేస్తే కోటును ఏడాదికి ఒకసారి ఉతికితే చాలు. పంచెకు పొందూరు ఖద్దరు వాడండి, ఖరీదు ఎక్కువైనా సరే; చెమటకు ఒంటికి అంటుకోదు, మడత నలిగినా పెద్దమనిషిలానే కనిపిస్తుంది.

విగ్గును మడిచి కుక్కకండి. బోర్లించిన చెంబు మీద పెట్టి, చుట్టూ గుడ్డ కట్టి పెట్టెలో ఉంచండి. చెంబు లోపలి చోటు కూడా వృథా కాదు, మా మీసాలు, గమ్ము సీసా అందులోనే ఉంటాయి. మీసం గమ్ము కొత్తది కొంటే ముందు రోజు చేతి మీద రాసి చూసుకోండి. రంగు తీసేటప్పుడు మొదట కొబ్బరి నూనె, తర్వాత మెత్తని గుడ్డ, ఆ తర్వాతే సబ్బు. పాతకాలపు వేషగాళ్ళు మొహానికి అర్దళం అనే పసుపు ఖనిజపు పొడి పూసుకునేవారని గొప్పగా చెబుతారు. అది పాషాణం, విషం; ఆ మోజు వద్దు.

ఒప్పుకునే ముందు

ఫోనులో "మంగళవారం పండగ" అంటే చాలదు. మన వైపు గ్రామదేవతల పండగలు చాలావరకు మంగళవారమో ఆదివారమో పడతాయి, ఒకే వారం మూడు ఊళ్ళు పిలుస్తాయి. తేదీ, వారం రెండూ చెప్పించుకోండి. ఆ తర్వాత అది తొలేళ్ళ రోజా (పండగకు ముందు రోజు), అసలు పండగ రోజా, అనుపు రోజా (అమ్మవారిని సాగనంపే రోజు) అడగండి. తొలేళ్ళ సాయంత్రం ఊరివాళ్ళే ఉంటారు, ఒకరినొకరు ఎరిగినవాళ్ళు; ఊరి సంగతులు కలిపితే పండుతుంది. పండగ రోజు చుట్టాలు, హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి వచ్చిన వలస కుటుంబాలు ఉంటాయి. అందరికీ తెలిసిన అంశాలు కావాలి. అనుపు రోజుకు జనం అలిసిపోయి ఉంటారు, అర్ధగంటకు మించి ఒప్పుకోకండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగకు దసరా వెళ్ళిన తర్వాతి సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను, అంటే పెద్ద మాను కొనన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం. ఆ మంగళవారం మధ్యాహ్నం కోటకూ గుడికీ మధ్య పెట్టెతో అడుగు వేయడం కూడా కష్టం. ఆ రోజు వేరే ఊళ్లో కార్యక్రమం ఉంటే తెల్లవారుజామునే ఊరు దాటండి.

మైకు ఎవరిది, జనరేటరు ఉందా, భోజనం, తిరుగు ప్రయాణం ఎలా, ఇవన్నీ అడిగి సందేశంగా పంపించి "సరే" అనిపించుకోండి. బయానా సగం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కొన్ని పండగ రోజులకు మాత్రం ప్రభుత్వం పన్నెండు వరకు సడలింపు ఇవ్వవచ్చు. అనుమతి కాగితం పండగ కమిటీ చేతిలో ఉందో లేదో అడిగి, మీ వంతు పదిలోపు ముగిసేలా వేయించుకోండి. అక్టోబరు, నవంబరు కార్యక్రమాలకు తుపాను మాట కూడా ముందే తేల్చుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలే నేలకొరిగాయి; ఆ దసరాకు మేము తీసుకున్న బయానాలు ఒక్కొక్కటీ తిరిగి ఇచ్చి వచ్చాం.

ప్రయాణం

శ్రీకాకుళం పట్నానికి రైలు లేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, అక్కడి నుంచి ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి. విజయనగరంలో దారి చీలుతుంది: చీపురుపల్లి, పొందూరు, పలాస వైపు ఒకటి, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ వైపు ఇంకొకటి. పెట్టె రైల్లో, బొమ్మ ఒళ్లో. బొమ్మను ఒళ్లో పెట్టుకుంటే పిల్లలు మాట్లాడించమంటారు. ఒప్పుకోకండి, సాయంత్రానికి గొంతు ఉండదు.

ఊరు చేరాక

సాయంత్రం నాలుగింటికల్లా చేరండి. వేదిక ట్రాక్టరు తొట్టెలు కలిపి కట్టినదైతే రెండింటి మధ్య సందు ఎక్కడుందో కాలితో తడిమి గుర్తుపెట్టుకోండి, పైన తివాచీ పరిచాక కనపడదు. స్పీకర్లు మీకంటే ముందుకు, జనం వైపు ఉండాలి. వెనక ఉంటే మైకు కూస్తుంది. వీధి చివరిదాకా స్తంభాలకు కట్టిన హారన్లు ఉంటాయి. వైరులో మాట క్షణంలో పోతుంది, కాని వంద మీటర్ల దూరంలోని హారన్ నుంచి అదే మాట గాలిలో తిరిగి మీ చెవికి చేరడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. మధ్యలో కూర్చున్నవాళ్ళకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. బొమ్మ అంశం వరకైనా దూరపు హారన్లు ఆపమని బతిమాలండి. ఆపకపోతే ప్రతి వాక్యం తర్వాత ఒక శ్వాస ఎక్కువ ఆగండి.

వానలు పడ్డాక ఉసుళ్ళ కాలంలో తెల్లని ఫోకస్ లైటు కింద నోరు తెరవడం సాహసం. ఒక పెద్ద తెల్ల దీపాన్ని వేదికకు దూరంగా పెట్టించి, వేదిక మీద పసుపు దీపం అడగండి. డిసెంబరు, జనవరిలో మంచు కురుస్తుంది. బొమ్మ మీద, హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంచండి.

తర్వాత టీ తాగే నెపంతో ఊళ్లో ఒక చుట్టు తిరగండి. రైసు మిల్లు ఎలా మోగుతోంది, అధ్యక్షుడి మోటారుసైకిలు ఎలా దగ్గుతోంది, బస్సు కండక్టరు ఊరి పేరు ఎలా అరుస్తున్నాడు, చెవిన వేసుకోండి. ప్రదర్శనను సినిమా గొంతులతో కాక వీటితో మొదలుపెట్టండి. మిమిక్రీ అనగానే అందరూ తలుచుకునే వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) గొంతులకు ఎంత పేరుపడ్డారో తెలిసిందే. ఆ స్థాయి మీకూ నాకూ లేదు. ఊరి మోటారుసైకిలు మాత్రం మనకు చేతనవుతుంది, దాన్ని ఆ ఊరివాళ్ళు ఇట్టే గుర్తుపడతారు.

వేదిక మీద

ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. శబ్దం చేయండి, నవ్వు వచ్చాక నమస్కారం చెప్పండి.

చదివింపులు వస్తాయి. సరిగ్గా జోకు చివరి మాట ముందు ఒకాయన చీటీ పట్టుకుని మెట్లెక్కుతాడు: ఫలానా వారు నూటపదహార్లు. కోపం తెచ్చుకోకండి, ఆ డబ్బు కొన్నిసార్లు మీ బస్సు ఖర్చు. అంశానికీ అంశానికీ మధ్య మాత్రమే చీటీలు ఇమ్మని కమిటీతో ముందే అనుకోండి. అప్పటికీ వస్తే పేరు మీరు చదవండి, బొమ్మతో చదివించకండి. "నూటపదహార్లు"లో ప ఉంది. అసిరి మాత్రం చీటీ వైపు చూసి, "ఇంతేనా అన్నా?" అంటాడు. ఇచ్చినాయనే ముందు నవ్వుతాడు, ఒక్కోసారి ఇంకో చీటీ వస్తుంది.

తాగి వెనక నుంచి అరిచేవాడికి మీరు జవాబు చెప్పకండి, బొమ్మ చేత చెప్పించండి. మీరు అంటే అవమానం, బొమ్మ అంటే ఆట. ఒక్కసారే. రెండోసారి కూడా అరిస్తే అంశం మార్చండి, కమిటీ కుర్రవాళ్ళు చూసుకుంటారు. ఇచ్ఛాపురం, మందస వైపు జనంలో ఒడియా మాట్లాడేవారు ఉంటారు. మాటల చమత్కారం తగ్గించి, విగ్గు జారడం, కుర్చీ విరగడం లాంటివి పెంచండి.

ఆషాఢం

పెళ్ళిళ్ళు ఉండవు, పిలుపులు తగ్గుతాయి, వానలు మొదలవుతాయి. మరమ్మతులకు ఇదే సమయం. హార్మోనియంలో పలకని రీడు ఉంటే చాలాసార్లు అది దుమ్మే: రీడు కింద పలచని కాగితం జరిపి మెల్లగా లాగండి. గీకితే శ్రుతి మారిపోతుంది. తిత్తి మడతల్లో గాలి పోతుంటే చీకట్లో లోపల చిన్న టార్చి పెట్టి చూడండి, వెలుతురు వచ్చిన చోట తోలు ముక్క అంటించండి.

బొమ్మ దవడ ఇరుసు రంధ్రం అరిగి పెద్దదైతే ఇంట్లో జిగురుతో ప్రయోగాలు చేయకండి. మేము పోయిన ఆషాఢంలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి, వీణలు చేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన బొమ్మ తలను రెండు చేతుల్లో తిప్పి చూసి, పాత రంధ్రంలో పనస కర్ర మేకు బిగించి, దాని మధ్యలో సన్నగా కొత్త రంధ్రం తొలిచారు. వేలితో నోరు తెరిచి, వదిలి, మళ్ళీ తెరిచి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. చప్పుడు లేదు. డబ్బు తీసుకోనన్నారు. బొమ్మను నా చేతికిచ్చి దానితోనే, "ఏమయ్యా అసిరీ, నీ దవడకు ఏ కర్ర వేశానో చెప్పు చూద్దాం" అన్నారు.

నేను సంతోషంలో ఆలోచించకుండా బొమ్మ గొంతుతో "పనస!" అన్నాను.

ఆయన బొమ్మ వైపు చూడటం లేదు. "మాస్టారూ," అన్నారు, "మీ పెదవి కదిలింది."